లాక్టోజ్ ఫ్రీ పాలు: కాఫీకి కొనండి, పెరుగుకి వద్దు (వాడాక రాస్తున్న రివ్యూ)

పాలు తాగితే పొట్ట ఉబ్బరం, గుడగుడ, గ్యాస్, ఒక్కోసారి విరేచనాలు, ఇలా ఇబ్బంది పడేవాళ్ళు ఎవరైనా ఇంట్లో ఉంటే వాళ్ళ కోసం ఈ రివ్యూ. అట్టపెట్టెల్లో లాక్టోజ్ ఫ్రీ అని రాసి అమ్ముతున్నారు చూడండి, ఆ పాలు మా ఇంట్లో కొంతకాలంగా వాడుతున్నాం. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఒకటి కాదు, దొరికిన కంపెనీవల్లా మార్చి మార్చి వాడాం, అన్నిట్లోనూ లోపల జరిగే పని ఒక్కటే, రుచిలో తేడా కూడా పెద్దగా లేదు. కాబట్టి ఇది ఈ రకం పాల గురించి, ఫలానా బ్రాండ్ గురించి కాదు. రేటింగ్ అడిగితే 5కి 4 ఇస్తా. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

కొన్నది మా నాన్న కోసం. ఆయనకి పొద్దున లేవగానే చిక్కటి ఫిల్టర్ కాఫీ పడాల్సిందే, మధ్యాహ్నం ఇంకోటి. రిటైర్ అయిన దగ్గర్నుంచి కాఫీ తాగిన గంటా గంటన్నరకల్లా పొట్ట బిగుసుకుపోవడం, బయటికి వెళ్ళాలంటే భయం. చుట్టాలంతా గ్యాస్ అన్నారు, గ్యాస్ బిళ్ళలు వేసుకున్నారు, ఏమీ తగ్గలేదు. తగ్గదు కూడా, ఎందుకంటే ఆ బిళ్ళలు కడుపులో యాసిడ్ తగ్గించడానికి, ఈ బాధకి యాసిడ్‌తో సంబంధమే లేదు. చివరికి డాక్టర్ గారు రెండు వారాలు పాలు పూర్తిగా మానేసి చూడమన్నారు, మానితే తగ్గింది, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ వచ్చింది. కావాలంటే ఊపిరి ఊది చేసే హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ కూడా ఉందని చెప్పి, ముందు ఈ పాలు వాడి చూడండి అన్నారు.

అసలు ఏం జరుగుతుందో తెలిస్తే ఈ ప్యాకెట్‌కి ఎందుకు డబ్బులు పెడుతున్నామో అర్థమవుతుంది, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. పాలల్లో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. ఆవు పాలైనా గేదె పాలైనా దాదాపు 5 శాతం ఉంటుంది, అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో 10 గ్రాములు. ఈ లాక్టోజ్ అణువు గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు అతుక్కుని తయారైంది. అతుక్కుని ఉన్నంతసేపు మన పేగు దాన్ని రక్తంలోకి తీసుకోలేదు, ముందు విడగొట్టాలి. విడగొట్టే ఎంజైమ్ పేరు లాక్టేజ్. పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి జాగ్రత్త, చివర ఓజ్ ఉంటే చక్కెర, ఏజ్ ఉంటే దాన్ని విడగొట్టే ఎంజైమ్. ఈ లాక్టేజ్ చిన్నపేగు లోపలి గోడ మీద సన్నటి వేళ్ళలా పొడుచుకొచ్చి ఉండే ఆంత్రచూషకాల పైపొర కణాల్లో తయారవుతుంది. పసిపిల్లలకి ఫుల్లుగా ఉంటుంది, తల్లిపాలే తిండి కాబట్టి ఉండి తీరాలి. పాలు మానే వయసు దాటాక చాలామందిలో మెల్లగా తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్ళలో ఇంచుమించు మూడింట రెండొంతుల మందికి లాక్టోజ్ పూర్తిగా అరగదు. ఇది రోగం కాదండి, మనుషుల్లో మామూలు సంగతే ఇది. పెద్దయ్యాక కూడా లాక్టేజ్ తయారవుతూనే ఉండటమే తర్వాత వచ్చిన మార్పు, వేల ఏళ్ళుగా పశువుల్ని మేపి పాలు తాగిన ఉత్తర యూరప్‌లో, ఆఫ్రికా, అరేబియాల్లో కొన్ని జాతుల్లో ఆ జీన్ మార్పు విడివిడిగా వచ్చింది. మన దేశంలో వాయవ్యం వైపు అది ఎక్కువ, దక్షిణానికి వచ్చేకొద్దీ తక్కువ. అంటే మన తెలుగు ఇళ్ళల్లో ఈ ఇబ్బంది ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు, గ్యాస్ అనుకుని సర్దుకుపోతుంటారు అంతే.

విడగని లాక్టోజ్ పెద్దపేగులోకి దిగుతుంది. అక్కడ కోట్ల కొద్దీ బాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వాయువులు పుట్టిస్తాయి, ఉబ్బరం అదే. పైగా పేగులో ఉన్న చక్కెర నీళ్ళని లాగుతుంది, విరేచనాలు అందుకే. ఆ హైడ్రోజన్ కొంత రక్తంలోకి చేరి ఊపిరితిత్తుల్లోంచి బయటికి వస్తుంది, బ్రెత్ టెస్ట్‌లో చూసేది దాన్నే. మన శరీర కణాలేవీ హైడ్రోజన్ వాయువు తయారు చెయ్యవు కాబట్టి ఊపిరిలో అది పెరిగిందంటే పేగుల్లో ఏదో పులుస్తోందనే. ఎంత చక్కటి ఆలోచనో చూడండి, సూది లేదు, గొట్టం లేదు, ఊదితే చాలు.

ఇప్పుడు ప్యాకెట్‌లో ఏం చేశారో చూద్దాం. చాలామంది పాలల్లోంచి లాక్టోజ్ తీసేశారు అనుకుంటారు. కొంతమంది తయారీదార్లు వడపోతతో కొంత తీసేస్తారు కానీ ఎక్కువగా జరిగేది అది కాదు, లాక్టేజ్ ఎంజైమ్‌ని పాలల్లోనే కలిపి మన పేగులో జరగాల్సిన పని ముందే ఫ్యాక్టరీలో చేయించేస్తారు. ఆ ఎంజైమ్‌ని ఎక్కువగా క్లువెరోమైసిస్ లాక్టిస్ అనే ఈస్ట్ నుంచి తీస్తారు. చల్లటి పాలల్లోనే గంటల తరబడి ఉంచితే లాక్టోజ్ దాదాపు అంతా విడిపోతుంది, తర్వాత 135 డిగ్రీల పైన కొన్ని సెకన్లు వేడి చేసి ప్యాక్ చేస్తారు. ఇంకో పద్ధతిలో ముందు వేడి చేసేసి, తర్వాత సూక్ష్మజీవులు లేని ఎంజైమ్‌ని కొద్దిగా వేసి ప్యాక్ చేస్తారు, అలా చేస్తే ప్యాకెట్‌లో ఉండగానే పని పూర్తవుతుంది. కొద్దిగా వేసినా ఎలా సరిపోతుందంటే ఎంజైమ్ ఖర్చయిపోదు, ఒక లాక్టోజ్‌ని విడగొట్టి వదిలేసి ఇంకోదాన్ని పట్టుకుంటుంది, మళ్ళీ ఇంకోటి, అలా ఒక్క అణువే లెక్కలేనన్ని సార్లు. అలాగని కనపడిన చక్కెరనల్లా విడగొట్టదు. లాక్టేజ్‌కి పంచదార ఇస్తే ముట్టుకోదు, అన్నంలో పిండి ముట్టుకోదు. 1894లో ఎమిల్ ఫిషర్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్నే తాళం, తాళంచెవి అని చెప్పాడు, ఎంజైమ్‌లో ఉన్న గుంటలో దానికి సరిపడే అణువే కూర్చుంటుందని. 1958లో కోష్లాండ్ అనే ఇంకో శాస్త్రవేత్త వచ్చి ఆ గుంట మరీ బిర్రుగా ఉండదు, అణువు వచ్చి కూర్చునేటప్పుడు కొంచెం సర్దుకుని పట్టుకుంటుందని సరిదిద్దాడు.

రుచి గురించి. మొదటిసారి కాఫీ కలిపి ఇస్తే నాన్న ఒక గుక్క తాగి, పంచదార ఎక్కువ వేశావేంటమ్మా అన్నారు. ఎప్పుడూ వేసేంతే వేశా నాన్నా, పాలే తియ్యగా ఉన్నాయి అన్నా. నిజంగానే తియ్యగా ఉంటాయి, ఉత్తి పాలు తాగినా తెలిసిపోతుంది. కంపెనీవాళ్ళు చక్కెర కలిపారనుకుంటారు చాలామంది, కలపలేదు, లేబుల్ చూడండి, మొత్తం చక్కెర మామూలు పాలల్లో ఉన్నంతే ఉంటుంది. లాక్టోజ్ తీపి పంచదారలో సుమారు ఐదో వంతే, అదే విడిపోయి గ్లూకోజ్ అయితే దాదాపు ముప్పావు వంతు, గాలక్టోజ్ కూడా లాక్టోజ్ కంటే బాగా తీపి. ఉన్న చక్కెరే నాలుకకి ఎక్కువ తెలుస్తోందన్నమాట. ఇప్పుడు నాన్న కాఫీలో పంచదార సగానికి తగ్గించేశాం, అది మాకు కలిసొచ్చింది.

ఉబ్బరం సంగతి అడుగుతారు కదా, తగ్గింది. మొదటి రెండు మూడు రోజుల్లోనే తేడా తెలిసింది. ఇప్పుడు రెండు కాఫీలూ తాగుతున్నారు, తాగి గుడికీ వెళ్తున్నారు, బస్సూ ఎక్కుతున్నారు. దీనికోసమే కొన్నాం, ఈ పని అది నూటికి నూరుపాళ్ళు చేసింది.

షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. లాక్టోజ్ ఫ్రీ అంటే చక్కెర లేని పాలు కాదు. అదే 10 గ్రాములు, అవే కేలరీలు. బరువు తగ్గుతారని కొనకండి, ఆ ఆశతో కొంటే డబ్బులు దండగ. పాలు బాగా అరిగేవాళ్ళకి దీనివల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు.

వంటింట్లో ఎలా ఉంటాయో ఇప్పుడు. కాఫీకి బ్రహ్మాండం. టీకి కూడా బావుంటుంది కానీ మన ఇళ్ళల్లోలా పాలు పోశాక పొంగు మీద పొంగు రప్పించి మరగబెడితే రంగు ముదురుతుంది, కాచిన వాసన ఎక్కువగా వస్తుంది. కారణం ఏంటంటే గ్లూకోజ్, గాలక్టోజ్ రెండూ పాలల్లోని ప్రోటీన్‌తో లాక్టోజ్ కంటే త్వరగా కలిసి గోధుమ రంగు తెస్తాయి, దాన్ని మెయిలార్డ్ చర్య అంటారు. అందుకే సేమ్యా పాయసం చేసేటప్పుడు మంట తగ్గించి, అడుగు పట్టకుండా కలుపుతూ ఉండాలి, పంచదార మామూలుగా వేసేదాంట్లో కొంచెం తగ్గించి చివర్లో రుచి చూసి వేసుకోండి. పాలకోవా ప్రయత్నించా, తెల్లగా రాలేదు, ఇటుక రంగుకి తిరిగింది, మెత్తగా జారుగా వచ్చింది, రుచి బానే ఉంది గానీ పండక్కి పదిమందికి పెట్టే కోవా కాదది. అయితే నాన్న చాలా కాలం తర్వాత కోవా తిని హాయిగా పడుకున్నారు, మామూలు కోవా ఆయనకి అస్సలు పడదు, లీటర్ల పాలు ఇంకబెట్టి చేసేది కాబట్టి లాక్టోజ్ కూడా అంతా అందులోనే పోగవుతుంది.

పెరుగుకి మాత్రం ఇవి కొనద్దు. తోడుకుంటుందా అంటే తోడుకుంటుంది, బాగానే గడ్డ కడుతుంది. కానీ అనవసరం. ఎందుకంటే తోడులో ఉన్న బాక్టీరియాకి సొంతంగా లాక్టోజ్‌ని విడగొట్టే ఎంజైమ్ ఉంది, పులిసేటప్పుడు కొంత లాక్టోజ్ అవే తినేస్తాయి, మిగిలింది మనం తిన్నాక కూడా పేగులో విడగొట్టడానికి సాయం చేస్తాయి. పాలు పడనివాళ్ళకి పెరుగన్నం పడటం అందుకే. నాన్నకి ఎన్ని ఇబ్బందులున్నా పెరుగన్నం మాత్రం ఎప్పుడూ ఏమీ చెయ్యలేదు. మజ్జిగ పులుసు మరిగించినప్పుడు ఆ బాక్టీరియా చచ్చిపోతాయి కాబట్టి సాయం తగ్గుతుంది, అయినా అందులో పెరుగు వాటా తక్కువే కాబట్టి చాలామందికి ఏం కాదు. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు సున్నా. పనీర్‌లో కూడా తక్కువే, విరిగిన నీళ్ళతో పాటు చాలా వరకు పోతుంది.

ఆ విరుగుడు నీళ్ళు, పెరుగు మీద తేలే తేట, పచ్చగా మెరుస్తుంటాయి గమనించారా? ఆ పసుపుపచ్చ రంగు రైబోఫ్లేవిన్, అంటే విటమిన్ బీ2. పారబోయకండి. అది వేడికి తట్టుకుంటుంది కానీ వెలుతురుకి పాడైపోతుంది, పారదర్శకంగా ఉండే సీసాలో పాలు పోసి ఎండ తగిలే గట్టు మీద పెడితే బీ2 పోతుంది. అట్టపెట్టెలో పాలకి ఆ భయం లేదు. ఇంట్లో కాస్తే బీ12 కొంత తగ్గినట్టే, 135 డిగ్రీల పైన వేడి చేసి ప్యాక్ చేసే యూహెచ్‌టీ పాలల్లోనూ కొంత తగ్గుతుంది, కాల్షియం మాత్రం ఎక్కడికీ పోదు.

పాలు పడట్లేదు కదా మానేస్తే పోలా అని చాలామంది అంటారు. మా పిన్ని కూడా నాన్నతో అదే అంది, బావగారూ కాఫీ మానెయ్యండి, అల్లం టీ తాగండి అని. కానీ శాకాహారులు ఆలోచించాలి. నాన్న గుడ్డు కూడా ముట్టరు, ఆయనకి బీ12 వచ్చేది పాలూ పెరుగు నుంచే, మొక్కల్లో అది నమ్ముకోదగినంత ఉండదు. విటమిన్లు అంటే ఏదో బలం మందులు అనుకుంటాం గానీ వాటిలో చాలావాటి అసలు పని ఎంజైములకి తోడు నిలబడటమే. బీ12 లేకపోతే దాని మీద ఆధారపడ్డ ఎంజైములు ఆగిపోతాయి, రక్తం తగ్గడం, అరికాళ్ళు తిమ్మిర్లు ఎక్కడం అక్కడి నుంచే. బీ1 లేకపోతే గ్లూకోజ్‌ని శక్తిగా మార్చే ఎంజైములు నడవవు, బెరిబెరి వచ్చేది అందుకే. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఆ బెరిబెరి మీద పరిశోధన కోసమే మొదలైంది, 1958లో ఇక్కడికి వచ్చింది. ఆ సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలతో సుమారు 240 వస్తుంది. రాగులు, నువ్వులు తింటే కాల్షియం మటుకు సర్దుకోవచ్చు, బీ12కి అలా కుదరదు. ప్యాకెట్ మీద నీలం రంగు ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే విటమిన్ ఏ, డీ కూడా కలిపారని అర్థం, కొనేటప్పుడు ఆ గుర్తు ఉందేమో చూడండి.

ఇంకో సంగతి, ఇది రాయకుండా ఉండలేను. లాక్టోజ్ విడిపోయాక వచ్చిన గాలక్టోజ్ కాలేయానికి చేరి అక్కడ ఏటీపీ అనే, కణాల్లో శక్తిని మోసే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తీసుకుంటేనే ముందుకి నడుస్తుంది. ఆ ఏటీపీని 1929లో వెలుగులోకి తెచ్చినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు, హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్త‌తో కలిసి. జర్మనీలో లోమన్ కూడా అదే సమయంలో కనిపెట్టాడు. మన స్కూలు పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసో గానీ, ప్రతి కణంలోనూ శక్తి నడిచే దారిని తెలుసుకోవడంలో మన గోదావరి జిల్లా మనిషి చెయ్యి ఉందంటే నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

పెళ్ళిళ్ళకి, ప్రయాణాలకి ప్యాకెట్ మోసుకెళ్ళలేం కదా, దానికి లాక్టేజ్ బిళ్ళలు దొరుకుతాయి. ఇవి ఎక్కువగా ఆస్పర్జిల్లస్ అనే శిలీంధ్రం నుంచి తీసిన ఎంజైముతో చేస్తారు, కడుపులోని పులుపుకి అది ఈస్ట్ ఎంజైము కంటే బాగా తట్టుకుంటుంది. పాలున్న పదార్థం మొదటి ముద్దతోనే వేసుకోవాలి, తిన్న గంటకి వేసుకుంటే లాభం లేదు. పొడి చేసి పొగలు కక్కే కాఫీలో కలపడం అస్సలు వద్దు. ఎంజైమ్ అంటే ప్రోటీన్, వేడికి దాని ఆకారం చెదిరిపోతుంది, ఆకారం పోతే పని పోయినట్టే. ఎంజైమ్ ప్రోటీనే అని 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమ్‌ని స్ఫటికాలుగా తీసి చూపించినా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కొన్నేళ్ళు ఒప్పుకోలేదు, 1946లో ఆయనకి నోబెల్ వచ్చింది. మరి లాక్టోజ్ ఫ్రీ పాలు కాస్తే పాడవవా అని అడగొచ్చు, పాడవవు, ఎంజైమ్ చచ్చినా లాక్టోజ్ అప్పటికే విడిపోయింది, మళ్ళీ అతుక్కోదు. మెడికల్ షాపులో అరుగుదల బిళ్ళలు ఇవ్వండి అంటే చాలాసార్లు డయాస్టేజ్, పెప్సిన్ ఉన్నవి ఇస్తారు. డయాస్టేజ్ పిండిని, పెప్సిన్ ప్రోటీన్‌ని విడగొడతాయి, లాక్టోజ్‌కి రెండూ పనికిరావు. వెనకాల లాక్టేజ్ అనే మాట ఉందో లేదో చదివి తీసుకోండి.

ఒక మార్కు తగ్గించింది ధరకి, దొరకడానికి. మామూలు టోన్డ్ పాల మీద ధర బాగానే ఎక్కువ, ఇంటిల్లిపాదికీ ఇవే వాడాలంటే కష్టం, అందుకే మేం నాన్నకి మాత్రమే వాడుతున్నాం. మా వీధి చివర సూపర్ మార్కెట్‌లో ఒక వారం ఉంటాయి, ఇంకో వారం ఉండవు, ఉన్నప్పుడు ముందు వరసలో పాత తేదీవి పెడతారు. తేదీ తప్పకుండా చూడండి, దగ్గరపడ్డ ప్యాకెట్లలో రంగు కొంచెం మారి చివర్లో చిరు చేదు తగులుతుంది, నిలవలో కూడా ఆ చక్కెరలు ప్రోటీన్‌తో మెల్లగా కలుస్తూనే ఉంటాయి కాబట్టి. విప్పాక ఫ్రిజ్‌లోనే పెట్టి రెండు మూడు రోజుల్లో వాడెయ్యాలి.

పాల ఎలర్జీ ఉన్నవాళ్ళు ఇవి తాగకూడదు, ఎలర్జీ వచ్చేది పాలల్లోని ప్రోటీన్లకి, అవి ఇందులో అలాగే ఉన్నాయి. గాలక్టోసీమియా అనే, గాలక్టోజ్ ఒంటికి పడని, పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్న పిల్లలకి ఇవి ప్రమాదం, గాలక్టోజ్ ఇందులో నిండా ఉంది. పసిపిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయని తల్లిపాలు ఆపేసి ఇవి పట్టకండి, ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి. పెద్దవాళ్ళకి కూడా గట్టిగా విరేచనాలు పట్టుకున్న తర్వాత పేగు పైపొర దెబ్బతిని కొన్ని వారాలు పాలు పడకపోవడం ఉంటుంది, ఆ పొర మళ్ళీ పెరిగాక సర్దుకుంటుంది, జీవితాంతం ఈ పాలే కొనాల్సిన అవసరం లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చిన్న ప్యాకెట్ తెచ్చుకుని వారం పది రోజులు కాఫీ, టీల్లో అవే వాడి చూడండి, ఆ రోజుల్లో మామూలు పాలతో చేసిన కోవా, ఐస్‌క్రీమ్, పాలపొడి ఉన్న బిస్కెట్లు ఆపేయండి. అయినా ఉబ్బరం తగ్గకపోతే కారణం లాక్టోజ్ కాకపోవచ్చు, ఇంకో ప్యాకెట్ కొనకుండా పొట్ట డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.